పెద్దవాళ్ళ క్యాన్సర్ చికిత్సలో వైద్య గంజాయి: ఇంట్లోవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దవాళ్ళకి కీమో, రేడియేషన్ నడుస్తుంటే వాంతులు, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్రపట్టకపోవడం చూసి తట్టుకోవడం కష్టం. ఆ సమయంలో ఎవరో ఒకరు వైద్య గంజాయి మాట ఎత్తుతారు. ఒకరు అద్భుతం అంటారు, ఇంకొకరు పాపం అంటారు. రెండూ కాదు. ఇది కొన్ని బాధలకి కొంతమేర పనిచేసే మందు, పెద్ద వయసులో జాగ్రత్తగా వాడాల్సిన మందు. ఏ బాధకి వాడుతున్నారో ముందు తేల్చుకోండి. కింద ఉన్న జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

నాన్నగారికి చాలా బాధలున్నాయి. ఇది వేటికి పనికొస్తుంది?

గట్టి ఆధారం ఉన్నది ఒక్కదానికే: కీమో వల్ల వచ్చే వికారం, వాంతులు. 2017లో అమెరికా నేషనల్ అకాడమీస్ అనే శాస్త్రవేత్తల సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడపోసింది. నోటి ద్వారా తీసుకునే గంజాయి సంబంధిత మందులు కీమో వాంతులను తగ్గిస్తాయని ఆ నివేదిక తేల్చింది. ఆకలి, క్యాన్సర్ నొప్పి, నిద్ర విషయంలో ఆధారం అంత గట్టిగా లేదు. కొందరికి సాయపడుతుంది, చాలామందికి పెద్దగా తేడా తెలియదు. చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం, జుట్టు రాలడం, రక్తకణాలు తగ్గడం లాంటివాటికి దీన్ని నమ్ముకోవద్దు.

గంజాయి నూనె క్యాన్సర్‌నే కరిగించేస్తుందని చాలామంది చెబుతున్నారు. నిజమా?

మనుషుల్లో అలా రుజువు కాలేదు. ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద గంజాయిలో ఉండే టీహెచ్‌సీ, సీబీడీ అనే పదార్థాలు పోస్తే కొన్ని చచ్చాయి. అలా చచ్చే కణాలు చాలా మందులకి చస్తాయి. మనిషి ఒంట్లో అదే జరుగుతుందని దానర్థం కాదు. అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, పరిశోధనలో భాగంగా తప్ప క్యాన్సర్‌ను నయం చేసే మందుగా దీన్ని సూచించొద్దని వైద్యులకు సూటిగా చెప్పింది.

ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. నూనె వాడుతున్నాం కదా అని కీమో ఆపేసిన కుటుంబాలుంటాయి. మూడు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి అప్పట్లో సాధ్యమైన చికిత్స ఇక సాధ్యం కాకపోవచ్చు. బాధ తగ్గించుకోవడానికి వాడండి, చికిత్సకి బదులుగా మాత్రం వద్దు.

టీహెచ్‌సీ, సీబీడీ అంటే ఏంటి? రెండింట్లో ఏది కావాలి?

గంజాయి మొక్కలో వందకు పైగా ఇలాంటి పదార్థాలున్నాయి. వైద్యంలో ముఖ్యంగా వినబడేవి ఈ రెండే. మత్తునిచ్చేది టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెచౌలం, యెహియెల్ గావోని దాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చారు. మన మెదడులో, నరాల్లో సీబీ1 అనే గ్రాహకాలు, అంటే ఇలాంటి పదార్థాలు అతుక్కునే చోట్లు, ఉన్నాయి. వాంతిని నడిపించే మెదడు కాండం భాగంలోనూ ఇవి ఉన్నాయి. టీహెచ్‌సీ వెళ్ళి అక్కడ అతుక్కుంటే వాంతి సంకేతం బలహీనపడుతుంది. అదే గ్రాహకాలు జ్ఞాపకశక్తి, శరీరం తూలకుండా నిలబడటం, గుండె వేగం చూసుకునేచోట కూడా ఉంటాయి కాబట్టి ఆ దుష్ప్రభావాలూ వెంటే వస్తాయి.

సీబీడీకి మత్తు ఉండదు. కానీ మత్తు లేదు కాబట్టి హాని లేదనుకోవద్దు. వాంతుల విషయంలో పనిచేసేది ప్రధానంగా టీహెచ్‌సీనే. ఆస్ట్రేలియాలో ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ళకి సీబీడీ నూనె ఇచ్చి చూసిన అధ్యయనంలో, మొత్తం బాధల మీద ఉత్తుత్తి మందు (ప్లసీబో, అంటే పోల్చి చూడటానికి ఇచ్చే అసలు మందు లేని నకిలీ) కంటే ఎక్కువ ప్రయోజనం కనబడలేదు. 2024 మార్గదర్శకాలు కూడా రోజుకి 300 మిల్లీగ్రాములు, అంతకు మించి సీబీడీని ఈ బాధల కోసం వాడొద్దన్నాయి. లాభం రుజువు కాకపోగా లివర్ ఎంజైములు పెరిగే అవకాశం ఉంది.

డాక్టరు రాసిచ్చే మాత్రలు కూడా ఉన్నాయట?

ఉన్నాయి. చాలామందికి ఇది తెలియదు. డ్రోనాబినాల్ అంటే ప్రయోగశాలలో తయారుచేసిన టీహెచ్‌సీ. నాబిలోన్ అంటే టీహెచ్‌సీని పోలిన కృత్రిమ మందు. మిగతా మందులకి లొంగని కీమో వాంతుల కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రెండింటినీ 1985లోనే అనుమతించింది. నోట్లో కొట్టుకునే నాబిక్సిమాల్స్ స్ప్రే కూడా ఒకటుంది. ఒక్కో స్ప్రేలో దాదాపు 2.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ ఉంటాయి. ఇవి అన్ని దేశాల్లోనూ దొరకవు.

దొరికేచోట మాత్రం, ఇంట్లో పెద్దవాళ్ళకైతే నా ఓటు వీటికే. ప్రతి గుళికలోనూ ఎంత మందుందో అచ్చంగా తెలుస్తుంది. మొక్కనుంచి తీసిన నూనెలో ఆ భరోసా ఉండదు. ఒక్క సూక్ష్మం గుర్తుంచుకోండి: డ్రోనాబినాల్ గుళికలు నువ్వుల నూనెలో తయారవుతాయి, నువ్వుల అలర్జీ ఉన్నవాళ్ళకి అవి పనికిరావు. ద్రవరూపంలో వచ్చే డ్రోనాబినాల్‌లో ఆల్కహాల్ ఎక్కువ. ఆల్కహాల్‌తో పడని మెట్రోనిడజోల్ లాంటి మందులు వాడుతున్నవాళ్ళు ముందే చెప్పాలి.

వాంతులకి ఇప్పటికే మూడు రకాల మందులిస్తున్నారు. మళ్ళీ ఇది ఎందుకు?

మంచి ప్రశ్న. చాలామందికి నిజంగా అవసరం ఉండదు.

డ్రోనాబినాల్ వచ్చేనాటికి ఇప్పుడు విరివిగా వాడే వాంతి మందు ఆన్‌డాన్‌సెట్రాన్ లేదు. అందుకే గంజాయి మందుల గురించి వచ్చిన పాత అధ్యయనాల్లో చాలావరకు ప్రోక్లోర్‌పెరజీన్ లాంటి పాత మందులతో పోల్చి చూసినవే. ఈరోజు పరిస్థితి వేరు. ఆన్‌డాన్‌సెట్రాన్ లేదా గ్రానిసెట్రాన్, డెక్సామెథసోన్, అప్రెపిటంట్, ఓలాంజపీన్ కలిపి వాడితే చాలామందిలో వాంతులు బాగా అదుపులోకొస్తాయి. కాబట్టి గంజాయి గురించి అడిగేముందు ఇంకో మాట అడగండి: ‘అమ్మ తీసుకునే కీమో ఎంత తీవ్రంగా వాంతులు తెప్పించే రకం? దానికి తగ్గ మందులన్నీ ఇస్తున్నారా? ఓలాంజపీన్ కలిపి చూశారా?’ ఇంట్లో వేసుకోవాల్సిన మాత్రలు వికారం మొదలయ్యాక కాకుండా చెప్పిన వేళకి వేసుకుంటున్నారా అన్నది కూడా చూసుకోండి. తిప్పుతున్నప్పుడే వేసుకుందాంలే అని పెద్దవాళ్ళు మాత్ర దాచుకోవడం మామూలే. కొన్ని ఇళ్ళలో సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా జరిగినా వికారం తగ్గకపోతే, అప్పుడు దీని వంతు. ఆస్ట్రేలియాలో సరిగ్గా ఇలాంటివాళ్ళ మీదే ఒక అధ్యయనం జరిగింది. వాంతి మందులు వాడుతున్నా బాధపడుతున్నవాళ్ళకి, ఆ మందులతోపాటే 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ ఉన్న గుళికలు రోజుకి మూడుసార్లు ఇచ్చారు. వాంతి కాకుండా, అదనపు మందు అవసరం పడకుండా గడిపినవాళ్ళు ఉత్తుత్తి గుళికలతో 8 శాతం, అసలు గుళికలతో 24 శాతం. 2024లో వచ్చిన ఫలితాలివి. మూడురెట్లు అంటే గొప్పగానే వినబడుతుంది. కానీ నలుగురిలో ముగ్గురికి పూర్తి ఉపశమనం రాలేదన్న సంగతి కూడా అదే అంకెలో ఉంది. మగత, తలతిరగడం కూడా గంజాయి గుళికలు వేసుకున్నవాళ్ళలోనే ఎక్కువ. ఆశ ఎంత పెట్టుకోవచ్చో తెలియడానికి ఈ అంకెలు దగ్గర పెట్టుకోండి.

ఆసుపత్రి గుమ్మం చూస్తేనే అమ్మకి వాంతి వస్తోంది. దానికి?

దీన్ని ముందస్తు వికారం అంటారు. గత కీమోల బాధను మెదడు గుర్తుపెట్టుకుని, ఆ వాసన, ఆ గది కనబడగానే తిప్పడం మొదలుపెడుతుంది. మామూలు వాంతి మందులు దీనికి అంతగా పనిచేయవు. ముందురోజు రాత్రి, ఆరోజు పొద్దున లోరజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మందు, శ్వాస మీద ధ్యాస పెట్టే సాధన ఎక్కువగా వాడతారు. పెద్ద వయసులో లోరజెపామ్‌కీ తూలే గుణం ఉంది. దానితోపాటు టీహెచ్‌సీ కూడా ఇస్తే రెండింటి మగత కలిసి మీద పడుతుంది. డాక్టరు చెప్పకుండా ఈ రెండూ కలపొద్దు.

నాన్న ఏమీ తినడం లేదు. ఆకలి పుడుతుందా?

యువకుల్లో గంజాయి ఆకలి పెంచుతుందన్న మాట నిజమే. కానీ క్యాన్సర్ వల్ల చిక్కిపోవడంలో కథ వేరు. 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఆకలి పెంచడానికి ఇచ్చే మెజెస్ట్రాల్ అనే మందు వేసుకున్నవాళ్ళలో 75 శాతం మందికి ఆకలి మెరుగైతే, డ్రోనాబినాల్ వేసుకున్నవాళ్ళలో 49 శాతానికే మెరుగైంది. ఒళ్ళు చెప్పుకోదగ్గంత పెరిగింది మెజెస్ట్రాల్‌తో 11 శాతం, డ్రోనాబినాల్‌తో 3 శాతం మందిలో. 2006లో యూరప్‌లో జరిగిన అధ్యయనంలోనైతే గంజాయి సారానికీ, టీహెచ్‌సీకీ, ఉత్తుత్తి మందుకీ మధ్య తేడా కనబడలేదు. మెజెస్ట్రాల్‌కి కాళ్ళలో రక్తం గడ్డకట్టించే గుణం ఉంది కాబట్టి అదీ అందరికీ సరిపడదు.

వికారం వల్ల తినలేకపోతుంటే వికారం తగ్గితే తింటారు. నోరు పూసి తినలేకపోతుంటే పుండ్లకి మందు కావాలి. మలబద్ధకం వల్ల కడుపు నిండుగా అనిపిస్తుంటే దానికి వేరే మందుంది. ఇవన్నీ చూశాకే ‘ఆకలి లేదు’ అన్న మాటకొస్తే బాగుంటుంది. తినమని బతిమాలడం తగ్గించండి అని కూడా చెప్పాలనిపిస్తుంది. తినలేకపోతున్న మనిషికి ఎదురుగా నిండు కంచంతో నిలబడ్డ కూతురి ముఖం చూడటమే పెద్ద భారం.

నొప్పికి మార్ఫిన్ బదులు ఇది వాడొచ్చా?

బదులుగా వద్దు. మార్ఫిన్ లాంటి మందులతో తగ్గని క్యాన్సర్ నొప్పికి నాబిక్సిమాల్స్ కలిపి చూసిన పెద్ద అధ్యయనాల్లో, ముందుగా పెట్టుకున్న లక్ష్యం మేరకు అది ఉత్తుత్తి మందును దాటలేదు. మార్ఫిన్ అంటే భయంతో చాలా కుటుంబాలు గంజాయి వైపు చూస్తాయి. సరైన మోతాదులో మార్ఫిన్ సురక్షితమే, ఎంతోమంది పెద్దవాళ్ళు దాంతో హాయిగా నిద్రపోతున్నారు. కీమో వల్ల అరికాళ్ళు, వేళ్ళు మండుతుంటే కాస్త ఆధారం ఉన్న మందు డ్యూలోక్సెటిన్. దాని గురించి అడగండి.

నిద్రకి?

టీహెచ్‌సీతో కొందరికి త్వరగా నిద్రపడుతుంది. అయితే రాత్రి లేచేటప్పుడు తూలిపడే ప్రమాదం పక్కనే ఉంటుంది. పగలు వేసుకునే డెక్సామెథసోన్ వల్ల నిద్ర చెడుతోందేమో ముందు చూడండి. ఆ మాత్ర పొద్దున్నే వేసుకునేలా మార్చమంటే చాలాసార్లు పని అయిపోతుంది.

పొగ పీల్చడం, నూనె, మాత్ర: ఏది మేలు?

పొగ వద్దు. కీమోతో తెల్లకణాలు పడిపోయిన మనిషికి ఎండు ఆకులో ఉండే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంది. ఆకు కాలుతుంటే ఆ బూజు బీజాలన్నీ చచ్చిపోతాయని లేదు. గంజాయిని ఆవిరిగా పీల్చే పరికరాలు (వేప్‌లు) కూడా ఇందుకు మినహాయింపు కాదు. అందులో వాడే నూనెల సంగతి మరీ జాగ్రత్త. 2019లో అమెరికాలో ఎంతోమంది ఊపిరితిత్తులు దెబ్బతినడానికి అలాంటి టీహెచ్‌సీ నూనెల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ప్రధాన కారణమని తేలింది.

నోటి ద్వారా తీసుకుంటే ఒకటే చిక్కు: ఆలస్యం. పీల్చింది నిమిషాల్లో ఎక్కి రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. మింగింది అరగంట నుంచి రెండు గంటల తర్వాత మొదలై ఆరు, ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. మింగినప్పుడు లివర్ టీహెచ్‌సీని 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుస్తుంది. దాని మత్తూ తక్కువేం కాదు. ఇక్కడే ప్రమాదం జరుగుతుంది. గంట అయ్యింది, ఏమీ అనిపించలేదు, ఇంకోటి వేసుకుంటారు. తర్వాత రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. ఒకసారి వేసుకున్నాక ఆరోజుకి రెండోది వద్దు, డాక్టరు చెబితే తప్ప.

బిస్కెట్లు, చాక్లెట్లలో కలిపి అమ్మేవి పెద్దవాళ్ళకి అసలు వద్దు. ఒక ముక్కలో ఎంతుందో తెలియదు. నోటి స్ప్రేలో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి కీమో పుండ్లు ఉన్న నోటికి అది మంట. నాలుక కింద వేసే నూనె కూడా చాలావరకు మింగేస్తాం కాబట్టి దాన్ని మాత్రలాగే లెక్కేసుకోండి.

సీసా మీద 750 అని ఉంది. అంటే ఎన్ని చుక్కలు వేయాలి?

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. 750 మిల్లీగ్రాములు అన్నది మొత్తం సీసాకి. 30 మిల్లీలీటర్ల సీసా అయితే ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు. 2.5 మిల్లీగ్రాములు కావాలంటే 0.1 మిల్లీలీటరు. చుక్కల లెక్క నమ్మొద్దు, డ్రాపర్‌ని బట్టి చుక్క సైజు మారుతుంది. ఫార్మసీలో అడిగి 1 మిల్లీలీటరు సిరంజి, సూది లేనిది, తెచ్చుకోండి. దాని మీద 0.1 గీత కనబడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, దీపం వెలుతురులో ఒకరు తీస్తే ఇంకొకరు చూడండి. 0.1 అనుకుని 1.0 తీస్తే పదిరెట్లు అవుతుంది. 25 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ అలవాటులేని పెద్దాయనని ఆసుపత్రి పాలు చేస్తుంది.

750లో టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అన్నది కూడా వేరుగా రాసి ఉండాలి. లేకపోతే ఆ సీసా వాడొద్దు. 2017లో అమెరికా పరిశోధకులు ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులు పరీక్షిస్తే, రాసినంతే ఉన్నవి 31 శాతమే. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ బయటపడింది. మత్తులేని మందు అనుకుని తాగించిన తాతయ్య మత్తెక్కి పడిపోతే కారణం ఇంట్లోవాళ్ళకి తోచదు.

ఎంత మోతాదుతో మొదలుపెట్టాలి?

మోతాదు నిర్ణయించేది డాక్టరే. మందు ప్యాకింగ్‌లో రాసినవాటిని బట్టి కొంత అంచనా ఇస్తాను. కీమో వాంతులకి డ్రోనాబినాల్ కీమోకి ఒకటి నుంచి మూడు గంటల ముందు ఇస్తారు. శరీర వైశాల్యం ప్రతి చదరపు మీటరుకి మామూలుగా 5 మిల్లీగ్రాములు అయితే, పెద్ద వయసువాళ్ళకి 2.5 నుంచి మొదలుపెట్టమని సూచన. నాబిలోన్ అయితే 1 లేదా 2 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. వయసు మళ్ళినవాళ్ళలో తక్కువతోనే మొదలుపెట్టాలి. నూనెలతో మొదలుపెట్టేవాళ్ళకి చాలామంది వైద్యులు 1 నుంచి 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో, సాయంత్రం పూట, రెండు మూడు రోజులు చూసి కొద్దికొద్దిగా పెంచమంటారు.

మొదటి మోతాదు కీమో రోజు ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో, తోడు ఉండగా, మర్నాడు ఏ పనీ పెట్టుకోని సాయంత్రం ఇచ్చి చూడటం నయం. ఎలా పడుతుందో ముందే తెలిస్తే కీమో రోజు కంగారుండదు.

పెద్ద వయసులో ప్రత్యేకంగా ఏం చూడాలి?

పడిపోవడం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఒక పెద్దావిడని ఊహించుకోండి. రాత్రి రెండింటికి మూత్రానికి లేస్తుంది. పక్కన పడుకున్న కూతురిని లేపడం ఇష్టం లేదు. టీహెచ్‌సీ వల్ల లేచి నిలబడగానే రక్తపోటు పడిపోతుంది. బీపీ మాత్రలు అప్పటికే లోపల ఉన్నాయి, ఆరోజు నీళ్ళు సరిగా తాగలేదు. రెండడుగులు వేసేసరికి కళ్ళు తిరుగుతాయి. కీమోలో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు తలకి చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం కావచ్చు, తుంటి ఎముక విరిగితే కీమో వాయిదా పడుతుంది. అందుకని మొదటి వారం మంచం పక్కన చిన్న దీపం, చేతికందే గంట, దారిలో చాపలూ వైర్లూ లేకుండా చూడండి. లేచేటప్పుడు ముందు కూర్చోవాలి, ఒక నిమిషం ఆగాలి, అప్పుడు నిలబడాలి. ఈ మూడు పనులూ మందు మొదలుపెట్టక ముందే పగటిపూట రెండుసార్లు చేయించి అలవాటు చేయండి.

తర్వాత మతిభ్రమ. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళలో టీహెచ్‌సీ గందరగోళం పెంచుతుంది. ‘ఎవరో గదిలో ఉన్నారు’ అని అమ్మ అంటే మందు ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి. మందు వల్లేనని తీర్మానించుకుని ఊరుకోవద్దు, కీమోలో ఉన్నవాళ్ళకి ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇలాగే అవుతుంది. గుండె దడ, నోరు ఎండిపోవడం కూడా మామూలే. తల, మెడకి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి లాలాజలం ముందే తగ్గిపోయి ఉంటుంది కాబట్టి వాళ్ళకి నోరు ఇంకా ఎండిపోతుంది.

వాడుతున్న మిగతా మందులతో కలిస్తే?

ఇంట్లో ఉన్న మందులన్నీ, విటమిన్లతో సహా, ఒక సంచిలో వేసుకుని ఫార్మసిస్టు ముందు పెట్టండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫారిన్ వాడేవాళ్ళ మీద మరింత శ్రద్ధ కావాలి. సీబీడీ వల్ల దాని ప్రభావం పెరిగి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష అంకె) ఎక్కువై రక్తస్రావం కావచ్చు. ఫిట్స్‌కి క్లోబజామ్ వాడుతుంటే దాని మోతాదు ఒంట్లో పెరుగుతుంది. లివర్‌లో సీవైపీ3ఏ4, సీవైపీ2సీ19 లాంటి ఎంజైములు చాలా కీమో మందుల్ని కరిగిస్తాయి, సీబీడీ వాటిలో కొన్నిటికి అడ్డుపడుతుంది. మార్ఫిన్, నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు, ఆల్కహాల్ వీటన్నిటితోనూ మగత పెరుగుతుంది.

ఇమ్యునోథెరపీ నడుస్తోంది. పర్వాలేదా?

ఇక్కడ ఆగండి. ఇమ్యునోథెరపీ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స. ఇజ్రాయెల్ నుంచి 2019, 2020లలో వచ్చిన అధ్యయనాల్లో, ఇమ్యునోథెరపీతో పాటు గంజాయి వాడినవాళ్ళలో చికిత్స ఫలితం తక్కువగా కనబడింది. అవి రోగుల్ని గమనించి రాసిన లెక్కలు మాత్రమే, గంజాయే కారణమని అవి రుజువు చేయవు. జబ్బు ఎక్కువ ఉన్నవాళ్ళే గంజాయి ఎక్కువ వాడి ఉండొచ్చు. అయినా టీహెచ్‌సీకి రోగనిరోధక కణాల్ని కాస్త అణచే గుణం ఉందని తెలుసు. కాబట్టి ఆంకాలజిస్టుతో, అంటే క్యాన్సర్ డాక్టరుతో, మాట్లాడకుండా నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు తీసుకునేవాళ్ళకి ఇది మొదలుపెట్టొద్దు. బాధ భరించలేనిదైతే, లాభనష్టాలు బేరీజు వేసి మాట్లాడండి.

అసలు ఎవరికి ఇవ్వకూడదు?

గతంలో స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళకి, గుండె లయ అదుపులో లేనివాళ్ళకి, పదేపదే పడిపోతున్నవాళ్ళకి, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళకి. రాత్రి ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ విషయంలో నేనైతే వద్దనే చెబుతాను.

మోతాదు ఎక్కువైపోతే?

కంగారు పడకుండా పక్కన కూర్చోండి. మెల్లగా మాట్లాడండి, ఇది దిగిపోతుందని చెబుతూ ఉండండి. దీపం తగ్గించండి, మంచం మీదనుంచి లేవనివ్వొద్దు, మింగడం బాగుంటే నీళ్ళు కొంచెం కొంచెం పట్టండి. దీనికి విరుగుడు మందు లేదు, మార్ఫిన్‌కి వాడే నాలోక్సోన్ దీనికి పనిచేయదు. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, లేపినా లేవకపోవడం, ఆగని వాంతులు, పడిపోవడం, ఎవర్నీ గుర్తుపట్టకపోవడం కనబడితే వెంటనే అంబులెన్స్ పిలవండి. మందు పేరు, ఎంత ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు చెప్పండి. పరువు పోతుందని దాచొద్దు, అది తెలియకపోతే ఆసుపత్రివాళ్ళు పక్షవాతమేమో అని వెతుకుతూ కూర్చుంటారు.

అలవాటు పడిపోతారేమోనని భయం.

కీమో కాలంలో, తక్కువ మోతాదులో, డాక్టరు చూపులో వాడితే ఆ భయం అక్కర్లేదు. నెలల తరబడి రోజూ ఎక్కువ వాడి ఒక్కసారిగా ఆపితే చిరాకు, నిద్రలేమి, ఆకలి తగ్గడం కొన్నాళ్ళు ఉంటాయి. మెల్లగా తగ్గిస్తే చాలు. చాలాకాలం ఎక్కువగా వాడినవాళ్ళలో గంజాయే వాంతులు తెప్పించే జబ్బు ఒకటుంది. వేడినీళ్ళ స్నానం చేస్తే హాయిగా ఉందంటూ ఉంటారు. వాంతులు పెరిగాయని మోతాదు పెంచుకుంటూ పోయేవాళ్ళకి ఈ విషయం తెలియాలి.

డాక్టరుకి చెబితే తిడతారేమో?

చెప్పండి. ‘డాక్టరుగారూ, మందులన్నీ వేళకి ఇస్తున్నాం, అయినా మూడోరోజుకి వికారం తగ్గడం లేదు. డ్రోనాబినాల్ గానీ అలాంటిది గానీ మా అమ్మకి పనికొస్తుందా? పనికిరాదంటే ఎందుకో చెప్పండి’ అని అడిగితే ఏ డాక్టరూ తిట్టరు. ‘గంజాయి ఇవ్వొచ్చా?’ అని ఒక్కముక్కలో అడిగితే ఒక్కముక్కలో జవాబొస్తుంది. ఆంకాలజిస్టుకి తీరిక లేకపోతే పాలియేటివ్ కేర్ బృందాన్ని కలవండి. పాలియేటివ్ కేర్ అంటే ఆఖరి రోజులవాళ్ళకే అన్న అపోహ ఉంది. చికిత్స మొదలైన రోజునుంచే వాళ్ళ సాయం తీసుకోవచ్చు, బాధలు తగ్గించడమే వాళ్ళ పని. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకీ తప్పక చెప్పాలి.

నాన్నగారు ‘నేను గంజాయి ముట్టను’ అంటున్నారు. చెప్పకుండా పాలల్లో కలిపి ఇవ్వొచ్చా?

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మీ ప్రేమ అర్థమవుతుంది. కానీ చెప్పకుండా ఇచ్చినప్పుడు ఆయనకి తల తిరిగితే, ఎందుకు తిరుగుతోందో తెలియక చచ్చిపోతున్నానేమో అని భయపడతారు. జబ్బు ఇప్పటికే ఆయన చేతిలోంచి చాలా లాక్కుంది. తన ఒంట్లోకి ఏం వెళ్ళాలన్న మాటైనా ఆయనకే వదలండి.

ఆయన్ని బలవంతపెట్టే బదులు ఏది ఇబ్బందిగా ఉందో అడగండి. పేరు విని సిగ్గుపడుతున్నారా, మత్తులో మాట జారతానేమో అని భయమా, దేవుడి ముందు తప్పు అనిపిస్తోందా? డాక్టరు రాసిచ్చిన గుళిక అంటే కొందరు ఒప్పుకుంటారు. తన ముందే డాక్టరుతో మాట్లాడిస్తే కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అది ఆయన తీర్పు, వేరే మందులు ఇంకా ఉన్నాయి. ఇలాగే, అమ్మే కావాలని అడుగుతుంటే కొడుకు పరువు పేరుతో అడ్డుపడే ఇళ్ళూ ఉన్నాయి. అక్కడా ఇదే మాట: బాధ ఎవరిదో నిర్ణయం వాళ్ళది.

చట్టం సంగతి?

దేశానికో రకం, కొన్ని దేశాల్లో రాష్ట్రానికో రకం. కొన్నిచోట్ల డాక్టరు చీటీతో ఫార్మసీలో దొరుకుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా నేరం. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 2020 డిసెంబరులో గంజాయిని 1961 ఒప్పందంలోని అత్యంత కఠినమైన నాలుగో జాబితానుంచి తీసేసింది. దాన్నిబట్టి ఎక్కడైనా వాడొచ్చని అనుకోవద్దు, నియంత్రణలో ఉంచే మొదటి జాబితాలో అది ఇంకా ఉంది. మీరున్న చోట చట్టం ఏంటో అక్కడి ఆరోగ్యశాఖ వెబ్‌సైట్‌లో చూడండి లేదా ఆసుపత్రి ఫార్మసిస్టుని అడగండి.

పిల్లల దగ్గరికి వేరే దేశం వెళ్ళే పెద్దవాళ్ళు సూట్‌కేసులో ఈ సీసా పెట్టుకెళ్ళొద్దు. ఒకచోట చట్టబద్ధంగా కొన్నదే ఇంకోచోట విమానాశ్రయంలో అరెస్టుకి కారణం కావచ్చు. అనుమతి గురించి ముందే ఆ దేశ రాయబార కార్యాలయాన్ని అడగాలి. వాడుతున్న రోజుల్లో కారు, బండి నడపకూడదన్నది చట్టంతో సంబంధం లేకుండా పాటించాల్సిన నియమం.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఎక్కడ దాచాలి?

తాళం వేసిన అలమరాలో. తాతయ్య దిండు కింద కాదు, ఫ్రిజ్ తలుపులో కాదు. మిగిలిపోయింది ఫార్మసీకి తిరిగి ఇచ్చేయండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఎప్పుడు ఆపాలి?

మొదలుపెట్టేముందే ఒక చిన్న నోటుపుస్తకం తీయండి. రోజుకి ఒక వరుస. వికారం సున్నా నుంచి పదిలో ఎంత అన్నది పెద్దవాళ్ళనే అడిగి రాయండి, మీ అంచనా రాయొద్దు. ఎన్నిసార్లు వాంతయింది, ఏం తిన్నారు, మందు ఎన్నింటికి ఎంత, ఎన్నిసార్లు తూలారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. అంతే. మందు మొదలుపెట్టకముందు ఒక కీమో వారం, మొదలుపెట్టాక ఒక కీమో వారం పక్కపక్కన పెడితే తేడా ఉందో లేదో మీకే కనబడుతుంది. డాక్టరుకి ఆ పేజీ చూపిస్తే గంట మాట్లాడినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

వికారం ఎనిమిదినుంచి ఐదుకి వచ్చి, అమ్మ పొద్దున లేచి కాసేపు మనవరాలితో కబుర్లు చెప్పగలిగితే మందు తన పని చేసినట్టే. వికారం మూడుకి తగ్గినా రోజంతా మగతగా పడుకుంటుంటే ఆవిడనే అడగండి, ఏది నయమని. కొందరు తెలివిగా ఉండటం కోసం కొంత వికారం భరిస్తామంటారు. రెండు కీమోలు చూసినా తేడా లేకపోతే డాక్టరుకి చెప్పి ఆపేయండి. కీమో అన్నీ అయిపోయాక వికారం పోతే అప్పుడు కూడా ఆపేయాలి, ఎందుకైనా మంచిదని కొనసాగించొద్దు.